తాడు విప్పిన ఆట

ముఖానికి పౌడరు పూసుకుని, జడలో చేమంతులు తురుముకుని మణిమాల తెర వెనక నిలబడింది. పెళ్లయి భిలాయి స్టీలు టౌన్‌షిప్‌కి వచ్చాక ఆమె స్టేజీ ఎక్కడం ఇదే మొదలు. బయట మైదానంలో సెక్టారులోని తెలుగు ఆడవాళ్లంతా బెంచీల మీద సర్దుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే పక్క క్వార్టరు నూకాలమ్మ తన తమ్ముడు రాజగోపాల్ని వెంటబెట్టుకొచ్చింది. మధ్యాహ్నమే విజయనగరం నుంచి దిగాడతను. వీళ్ల ఆడవాళ్ల క్లబ్బు ఆడబోతున్న నాటకం రాసింది అతనే. అక్క మురిసిపోతూ చెప్పేదాకా ఈ ఆట సంగతి అతనికి తెలీదు.

"నన్నడక్కుండా నా నాటకానికి టిక్కెట్టు పెట్టీడవేటప్పా? ఆపీండి," అన్నాడు అక్కతో.

"ఊరంతా వొచ్చీసాక ఆపీమంటావేటిరా!" అంది నూకాలమ్మ.

"కాపీరైటు చట్టం వొచ్చింది అప్పా. మీలాటి క్లబ్బోళ్లు ఊరికే ఆడి చూపిస్తే ఎవర్నీ అడగక్కర్లేదు. టిక్కెట్టు పెడితే మాత్రం రాసినోణ్ని అడగాల."

మణిమాల కళ్లు మెరిశాయి. "ఏటన్నారు అన్నయ్యగారూ? ఊరికే ఆడితే అడగక్కర్లేదా?"

"అక్కర్లేదు."

అంతే. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒక్క పరుగున గేటు దగ్గరికెళ్లి, అడ్డంగా కట్టిన తాడు లాగిపారేసింది. "టిక్కెట్టు లేదు! కొన్నోళ్లకి డబ్బులు తిరిగిచ్చీండి. ఆయియే, సబ్ ఆయియే!"

"మరి మైకు అద్దెకి డబ్బులో?" నూకాలమ్మ కేకేసింది.

"తలా కాస్త వేసుకుందాం అప్పా!"

అప్పటిదాకా తాడవతల నిలబడి తొంగిచూస్తున్న హిందీవాళ్లు, ఛత్తీస్‌గఢీ కూలీ ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని బిలబిలమంటూ లోపలికొచ్చేశారు. ముందు వరసలో చతికిలబడిన ఒకావిడ, "దీదీ, తెలుగు సమఝ్ మే నహీ ఆతా," అంది.

"వీళ్లకి అర్థమయ్యేలా మధ్యమధ్యలో నేను హిందీలో చెప్తాను," అంది మణిమాల.

"అది కుదరదమ్మా," రాజగోపాల్ అడ్డుపడ్డాడు. "తర్జుమా హక్కు నాది. ఊరికే ఆడినా అది మాత్రం నన్నడగాల్సిందే."

"అయితే మీరే చెప్పీండి!" మైకు అతని చేతిలో పెట్టేసింది మణిమాల.

అతను మైదానం వైపు చూశాడు. అంతమంది జనం అతని ఏ నాటకానికీ రాలేదు. గొంతు సవరించుకున్నాడు.

"బహెన్ లోగ్... ఏ నాటక్... హమ్ లిఖా!"

ఆ వచ్చీరాని హిందీకి ముందు వరస గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. అతనూ నవ్వేశాడు. "ఇంకా ఏటి చూస్తన్నారు, మొదలెట్టీండి!" అన్నాడు తెరవైపు తిరిగి.

పరుగులో ఊడిన చేమంతుల్ని తురుముకోవడానికి కూడా ఆగలేదు మణిమాల.

"లాగప్పా తెర!" అంది.