వినికిడి బాగానే ఉంది

"మామయ్యా, ఆగండి!" అని డ్రమ్ముల వెనక నుంచి అల్లుడు మూడోసారి అరిచాడు. ఆయన వేళ్లు మాత్రం బేస్ గిటారు తీగల మీద నడుస్తూనే ఉన్నాయి. కూతురు వచ్చి భుజం మీద చెయ్యి వేశాకగాని, పాట ఎప్పుడో అయిపోయిందని ఆయనకు తెలియలేదు.

"నాన్నా, ఈసారి నా కాలి తాళం చూస్తూ వాయించు," అంది ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి. కుడిది ఎప్పుడో పోయింది.

రేకులు వంచే ప్రెస్సు పక్కన ఇరవై రెండేళ్లు నిలబడ్డ మనిషి. చెవులకని కంపెనీ ఇచ్చింది ఏడాదికి పిడికెడు దూది. ఎనిమిది నెలల క్రితం, వెనకనుంచి కేకేస్తే పలకలేదని పనిలోంచి తీసేశారు. పోయిన చెవులకు నష్టపరిహారం కోసం లేబరాఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. అదింకా కదల్లేదు. ఇప్పుడు ఆ ప్రెస్సు దగ్గర అల్లుడు నిలబడుతున్నాడు. పూట మానితే పూట కూలి కోత. చెవిలో తుమ్మెద దూరినట్టుంటోందని ఈమధ్య అతనూ అంటున్నాడు.

ఏడాది చివరి సెలవుల్లో ఊళ్లోని ఫంక్, రాక్, సోల్ బృందాలన్నీ కలిసి టౌన్‌హాల్లో కచేరీ చేయడం మామూలే. ఈసారి ఖర్చంతా కంపెనీయే పెట్టుకుంది. గోడ గోడకీ పోస్టర్లు. అన్నిట్లోనూ గిటారుతో పెద్ద బొమ్మ ఆయనదే. చూసుకుని పొంగిపోయాడు వెర్రిబాగులవాడు. ఎడమ చెవిలో మిగిలిన ఆ కాస్తా ఆరిపోకముందే కూతురి పాటకు స్టేజి మీద ఒక్కసారి వాయించాలని ఆయన ఆశ.

సాయంత్రం జనం లోపలికి వస్తుండగా సూపర్‌వైజరు కాగితాలు పట్టుకొచ్చాడు.

"ఏం లేదు బాబాయ్, అందరూ పెట్టేదే. ఓ సంతకం పడేయ్."

అల్లుడు చదవకుండానే పెట్టేశాడు. కూతురు మాత్రం తండ్రి కాగితం తీసుకుని చివరిదాకా చదివింది. ఆయన చెవిలో ఒక్కో మాటే విడదీసి చెప్పింది.

"'నా వినికిడి బాగానే ఉంది' అని రాశారు నాన్నా."

బొమ్మ అంత పెద్దది ఎందుకు వేశారో ఆయనకు అప్పుడు తెలిసింది.

"చెవుడైతే గిటారెలా వాయిస్తావ్ బాబాయ్?" సూపర్‌వైజరు నవ్వాడు. "ఉన్నమాటేగా రాసింది!"

ఆయన ఆ మాటలు పెదాలు చూసి పోల్చుకున్నాడు.

"నా చెవులు తిన్నది చాలక, తినలేదని నా చేతే రాయిస్తారా? పెట్టను."

"పెట్టకపోతే స్టేజెక్కనివ్వరు."

"ఎక్కను."

గిటారు విప్పి గోడకు ఆనించాడు. కూతురు కూడా వెంట రాబోయింది. ఆయన వారించాడు.

"నువ్వు పాడు తల్లీ. నేను..." వింటానని అనబోయి, "చూస్తా," అన్నాడు.

కిందికి దిగి, స్టేజి అంచున నిలబడి చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. కూతురి నోరు తెరుచుకుంది. అల్లుడి దెబ్బలు ఒక్కొక్కటే చేతికి తగులుతున్నాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య తాను ఉండాల్సిన చోట ఏమీ లేదు.

రెండో చరణంలో చేతికింద చెక్క ఉన్నట్టుండి మూగబోయింది. తలెత్తాడు.

అల్లుడు కర్రలు డ్రమ్ము మీద పెట్టి లేచాడు. హాలంతా చూస్తుండగా నడిచివెళ్లి సూపర్‌వైజరు ముందు చెయ్యి చాపాడు. ఏమన్నాడో మామకు వినపడలేదు. సూపర్‌వైజరు సంతకాలైన కాగితాల కట్టను గబుక్కున వీపు వెనక దాచుకోవడం మాత్రం కనిపించింది.

చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. స్టేజి మీద కూతురు, తాళం లేకుండానే, పాడుతూనే ఉంది.