ఏడిళ్లకు ఒకటే పాస్‌వర్డ్

మా నార్‌బీ ఊళ్లో తలుపులకు తాళం వేయడం మర్యాద కాదు. మంచు తుఫానులో దారి తప్పినవాడు ఎవరి తలుపైనా తోసుకుని లోపలికొచ్చి బతకాలి కదా. ఏడిళ్ల కంప్యూటర్లకు నేను ఒకటే పాస్‌వర్డ్ పెట్టింది ఆ అలవాటుతోనే అని చెప్పుకోవచ్చు. నిజం చెబితే బద్ధకం. ఊరి పేరు, దాని వెనకే ఊరు పుట్టిన సంవత్సరం. మేకైనా కనిపెట్టగలదు.

నా పేరు ఓరిన్ బ్రెక్కె. టెలిఫోన్ సహకార సంఘంలో ముప్పై ఏళ్లు తీగలు లాగి రిటైరయ్యాను. ఆ తర్వాత చుట్టుపక్కల ముసలివాళ్ల కంప్యూటర్లు బాగుచేసే పని నా నెత్తిన పడింది. జనవరిలో ప్రతి ప్రింటర్ గొడవకూ ఇరవై మైళ్లు మంచులో పోలేక, మా ఇంట్లో కూర్చునే వాళ్ల తెర చూసి సరిచేసే ప్రోగ్రాం ఒకటి ఏడింట్లోనూ ఎక్కించాను. పనయ్యాక తీసేస్తానని చెప్పాను. తీయలేదు.

ఎందుకు తీయలేదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా భార్య మార్లిస్ నన్ను వదిలి ఫీనిక్స్ వెళ్లిపోయాక మా ఇంట్లో మనిషి మాట వినబడడం మానేసింది. మధ్యాహ్నం సూప్ తాగి ఆ ఏడు తెరలూ ఒక్కొక్కటే తెరిచేవాణ్ణి. వెర్లిన్ హాగెన్ ట్రాక్టర్ల బొమ్మలు చూస్తూ ఉండేవాడు, తన కొట్టంలో ఉన్న నాలుగూ చాలవన్నట్టు. ఆర్డిస్ టాలెఫ్‌సన్ గారు చెల్లెలికి ఉత్తరం మొదలుపెట్టేవారు. ‘పొద్దుపోవడం లేదే’ అని రాసి, చెరిపేసి, ‘ఇక్కడ అంతా బాగానే ఉంది’ అని పంపేవారు. నేనేదీ ముట్టుకోలేదు, ఊరికే చూశాను. మూడేళ్లు చూశాను. నాకు ఉన్న తోడు అదే.

ఒక గురువారం ఆర్డిస్ గారి తెర మీద బాణం గుర్తు కదిలింది. ఉత్తరాలున్న చోటికి పోయి వాటిని గుత్తగా ఎటో పంపడం మొదలుపెట్టింది. గురువారం మధ్యాహ్నాలు ఆవిడ చర్చిలో బొంతలు కుడుతూ ఉంటారు. ఆ చేయి ఆవిడది కాదు, నాదీ కాదు.

వెతికితే కథంతా తేలింది. ఎవడో నా పాస్‌వర్డ్ ఊహించి, నేను తెరిచి ఉంచిన దారినే లోపలికొచ్చాడు. వచ్చినవాడు నా దారి ఒక్కటే నమ్ముకుని ఉంటాడా? తనకంటూ ఇంకో దారి తవ్వుకున్నాడు. ప్రింటర్ ఫైలులా పేరు పెట్టుకున్న చిన్న ప్రోగ్రాం అది, కంప్యూటర్ వేసిన ప్రతిసారీ తనంతట తానే లేస్తుంది. దాన్ని తుడిస్తే మరోమూల దాక్కున్న దాని తమ్ముడు మళ్లీ పుట్టిస్తాడు. ఏడింట్లోనూ అదే వరస.

ఈ సంగతి వాళ్లకు చెప్పాలంటే నేను చూస్తున్నానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఊళ్లో నాకు మొహం ఉండదు. మర్నాటి నుంచి ఇంటింటికీ వెళ్లాను. ముందు ఇంటర్నెట్ తీగ పీకేయడం, ఫొటోలూ ఉత్తరాలూ మాత్రమే వేరే చోటికి ఎక్కించుకోవడం, ప్రోగ్రాములు ఒక్కటీ తీసుకోకపోవడం, డిస్కు మొత్తం తుడిచి అన్నీ కొత్తగా ఎక్కించడం. పాస్‌వర్డ్‌లు అన్నిటికన్నా చివర. దొంగ ఇంట్లో ఉండగా తాళం మారిస్తే కొత్త తాళంచెవి కూడా వాడి చేతికే పోతుంది. నా ప్రోగ్రాం కూడా తీసేశాను. ఆరిళ్లలో ‘ఏదో పాత జబ్బు, అందరికీ వస్తోంది’ అని బొంకాను. ఆరిళ్లలోనూ కాఫీ ఇచ్చి, ఓ డబ్బాలో కేకు ముక్కలు పెట్టి పంపారు.

ఏడో ఇల్లు ఆర్డిస్ గారిది. వాడు పట్టుకుపోయింది ఆవిడ ఉత్తరాలు. ఆ సంగతి దాచి కేకు తినడానికి నాకు మనసొప్పలేదు. డిస్కు తుడవడం అయ్యాక, గురువారం మీ ఉత్తరాలు దొంగ చేతికి పోయాయని చెప్పాను.

“గురువారం పోయాయంటున్నావు. నీకెలా తెలిసింది?” అన్నారు.

మొత్తం చెప్పేశాను. ఆవిడ అరుస్తారనుకున్నాను. మేజా మీద గుడ్డ సర్దుకుంటూ కూర్చున్నారు.

“నేను చెరిపేసినవి కూడా చదివావా?”

“చదివానండి.”

“మూడేళ్లూనా?”

“మూడేళ్లూ.”

“ఆ దొంగ వెధవ నేనెవరో ఎరగడు. నువ్వెరుగుదువు. ఇరవై మైళ్ల అవతల కూర్చుని నాకు పొద్దుపోవట్లేదని చదివావు. ఒక్క రోజైనా వచ్చి తలుపు కొట్టలేకపోయావేమయ్యా, ఓరిన్?”

నాకూ పొద్దుపోయేది కాదని చెప్పబోయాను. ఆ మాట ఇప్పుడు ఏ మొహంతో అనను? కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమన్నాను. ఆవిడ చేతులు మీటల మీద పెట్టి ఆగారు.

“అటు తిరుగు.”

గోడవైపు తిరిగాను. మీటల చప్పుడు చాలాసేపు వినబడింది.

“అయింది. నువ్విక వెళ్లొచ్చు” అన్నారు.

పొయ్యి మీద కాఫీ కాగుతూనే ఉంది, ఇల్లంతా ఆ వాసనే. మా వైపు శత్రువుని కూడా కాఫీ ఇవ్వకుండా చలిలోకి పంపరు. గడప దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కోవడానికి కావాలనే ఆలస్యం చేశాను. తాడు ఒకసారి కట్టి, విప్పి, మళ్లీ కట్టాను, కాఫీ తాగి వెళ్లమంటారేమోనని. అనలేదు.