రెండో పొద్దు

తెగుళ్ళ తనిఖీదారు రోజూ తెల్లారగానే మొహం కంటే ముందు బల్ల కాళ్ళు కడిగేవాడు. మూడు మెట్లున్న కర్రబల్ల అది. ఒక చేలో మట్టి ఇంకో చేలోకి మోసుకుపోతే మట్టితోపాటు తెగులూ పోతుంది కాబట్టి బల్ల కాళ్ళు సబ్బునీళ్ళతో తోమి, చెప్పుల అడుగులు తోమి, మిగిలిన నీళ్ళుంటే తన మొహాన కొట్టుకునేవాడు. ఆ తరవాత బల్లని భుజాన వేసుకుని పొద్దుతిరుగుడు చేల వైపు బయల్దేరేవాడు. ఆ నడక చూసి తీరాలి. ఎదురుగా బస్సు వస్తే పక్కకి తప్పుకునేది బస్సే.

చేనికి పడమటి గట్టున బల్ల వేసుకుని ఎక్కేవాడు. మొగ్గ తొడిగిన మొక్కలన్నీ అతనికి వీపు పెట్టి, తూర్పున సూర్యుణ్ణి చూస్తూ ఉండేవి. అతను గొంతు సవరించుకునేవాడు. అంతే. వేలాది మొక్కలు సూర్యుణ్ణి అక్కడే వదిలేసి, మెడలు తిప్పి అతన్ని చూసేవి. ఆ మెడలు తిరిగిన గాలికి రెండు ఊళ్ళ అవతల ఆరేసిన బట్టలు ఆరిపోయేవని చెప్పుకునేవారు, అందులో అబద్ధం సగమే.

తిరగనిది తెగులు మొక్క. బూజు తెగులు పట్టినదైతే గిడసబారి, తల నిట్టనిలువునా పైకి పెట్టి, మొండికేసిన పిల్లలా నిలబడిపోయేది. తుప్పు తెగులుది సగం తిరిగి ఆగేది. ఆకుమచ్చ ఉన్నది తిరిగేది గానీ అలిగిన అల్లుడిలా బెట్టు చేసి తిరిగేది. పన్నెండెకరాల చేనుని పొయ్యి మీద పాలు పొంగేలోపు చూసేసి, లెక్క రాసి దిగేవాడు.

అతను రాకముందు విత్తన కార్యాలయం వాళ్ళు చేలో అయిదు చోట్ల ఆగి, చోటుకి ఇరవై మొక్కల ఆకులు తిప్పి చూసి, అనుమానం ఉన్నవాటిని కాయితం సంచుల్లో పెట్టి సూక్ష్మదర్శిని కిందికి పంపేవారు. మొక్కలు మనిషి వైపు తిరగడంలో వాళ్ళకి వింతేమీ కనపడలేదు. సుఖం కనపడింది. సంచులు మానేశారు. సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పి దానికి గొడుగులు తగిలించుకున్నారు. రైతులు అతనికి రెండో పొద్దు అని పేరు పెట్టారు. అతను ఊళ్ళోకి వచ్చిన రోజున మొదటి పొద్దుని పలకరించే నాథుడు ఉండేవాడు కాదు.

పోయినేడు తనిఖీల్లో ఆఖరిది అతని అక్క చేను.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ఇరవై ఏళ్ళు పరాయి చేలల్లో కలుపు తీసి, చివరికి తనూ ఊళ్ళకి విత్తనం పండించే రైతునని సంఘం పుస్తకంలో పేరు రాయించుకుంది. విత్తనం చేలో బూజు తెగులు కనపడితే చేనంతా పీకి కాల్చాలి, పుస్తకంలోంచి ఆ పేరూ కొట్టేస్తారు. అది ఆ ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు.

అతను బల్లెక్కి గొంతు సవరించుకున్నాడు. చేను తిరిగింది. నడిమధ్యన నాలుగు మంచాలు పట్టేంత మేర తిరగలేదు.

"ఎన్నిరా?" అంది అక్క గట్టు మీంచి.

"నలభై దాకా ఉన్నాయక్కా."

"ఉన్నవెన్ని వేలు?"

"అది కాదక్కా..."

"ఆ నలభై ఇప్పుడే పీకి పారేస్తాను. మీ బావకి కూడా తెలీదు."

"పైకి బాగున్న మొక్కల్లోనూ ఉంటుంది. విత్తనంలోకి దిగిపోతుంది."

"పైకి కనపడనిది నీకెందుకురా?" అక్క గట్టు దిగి బల్ల దగ్గరికి వచ్చింది. "చిన్నప్పుడు నీకు ఒళ్ళంతా గజ్జి లేస్తే బళ్ళోకి రానివ్వం అన్నారు. రాత్రికి రాత్రి పొడుగు చేతుల చొక్కా కుట్టి, గుండీలు మెడదాకా పెట్టి పంపాను. నిన్ను అంతమంది పిల్లల మధ్య దాచాను. నా నలభై మొక్కలు నువ్వు దాచలేవా?"

ఆ చొక్కా వల్ల బడిలో ఎంతమంది గోక్కున్నారో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అనలేదు. అతను కాయితం మోకాలి మీద పెట్టుకుని, తెగులు లేదు, అని రాశాడు.

ఆ విత్తనం పదిహేడు ఊళ్ళకి వెళ్ళింది. పదిహేడు ఊళ్ళలోనూ మొక్కలు మోకాలెత్తు దాటలేదు, ఆకుల కింద పిండి చల్లినట్టు బూజు. జనం వానని తిట్టారు, నేలని తిట్టారు, పెళ్ళాలని తిట్టారు. రెండో పొద్దు చూసి పంపిన విత్తనాన్ని తిట్టాలన్న ఊహ ఒక్కడికీ రాలేదు.

ఈ ఏడు మొదటి తనిఖీ మిట్ట మీది రైతు చేలో పడింది. మూడెకరాలు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే కష్టపడి, కుండలతో నీళ్ళు మోసి నిలబెట్టిన విత్తనం చేను. విత్తనం వేరే చోటునుంచి తెచ్చుకున్నారు.

అతను బల్లెక్కి గొంతు సవరించుకున్నాడు. ఒక్క మొక్కా కదల్లేదు. ఇంకోసారి సవరించుకున్నాడు. మూడోసారి దగ్గిన దగ్గుకి చెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి గానీ చేను మాత్రం సూర్యుణ్ణే చూస్తూ నిలబడింది.

"అన్నీనా సారూ?" అన్నాడు కింద నిలబడ్డ రైతు.

తనిఖీదారు బల్ల దిగాడు. కొన్నేళ్ళ తరవాత మొదటిసారి వంగి ఒక ఆకు తిప్పి చూశాడు. పసిపాప అరచేయిలా ఉంది. పక్క మొక్క చూశాడు. సాలు పొడుగునా చూసుకుంటూ పోయాడు. బూజు లేదు, తుప్పు లేదు, చిన్న మచ్చ లేదు. చేనుకి ఏ రోగమూ లేదని అతనికి తెలిసిపోయింది. ఆ మాట పైకి అంటే, మరి ఎందుకు తిరగలేదని అడుగుతారు. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే అక్క చేలో తేలుతుంది.

చేను మొత్తం తెగులే, అని రాశాడు.

"అలాగేనండి," అన్నాడు రైతు.

మూడో రోజు అక్క చేను. పోయినేటిది బీడు పెట్టి ఈసారి వాగు పక్కన కొత్త నేలలో వేసింది. అతను బల్లెక్కాడు. ముందు రాత్రంతా తెచ్చుకున్న ధైర్యం మెట్టుకింత కరిగింది. గొంతు సవరించుకున్నాడు. చేను తిరగలేదు.

అక్క కాసేపు చూసింది. తరవాత చేతులు దులుపుకుని సాలులోకి దిగి, మొదటి మొక్కని మొదట్లో పట్టుకుంది.

"ఈసారి నిన్నేమీ అడగన్లే," అంది. "ఆ పదిహేడు ఊళ్ళ పేర్లూ నాకు నోటికొచ్చు. ఒక్కసారి అడిగినందుకే అన్నం గొంతు దిగట్లేదు."

"ఆగక్కా."

"దేనికి?"

"చేను బాగుంది. నా వైపు తిరగడం మానేశాయి, అంతే."

అక్క మొక్క వదిలేసింది. ఎప్పటికైనా వచ్చే చుట్టం వచ్చాడన్నట్టు తలాడించింది. "ఎప్పట్నించి?"

"మొన్నట్నించి."

"నిన్న మిట్ట మీద పొగ కనపడింది." ఆమె లేచి నిలబడింది. "వాళ్ళ ఆకులు తిప్పి చూశావా?"

"చూశాను."

"చూసి?"

"చేను మొత్తం తెగులే అని రాశాను."

"అంటే అబద్ధమూ నాకోసమే చెప్పావు, నిజమూ నాకోసమే చెప్పావు," అంది అక్క. "ఊళ్ళో వాళ్ళకి నువ్వేం మిగిల్చావురా? నాకు ఒక్క చేను మీద ప్రేమ, నీకు ఒక్క అక్క మీద ప్రేమ. బాగా పెంచాను నిన్ను." "వెళ్ళు. మిట్ట మీది ఆయనకి చెప్పిరా. ఈ చేను కోసుకొమ్మన్నానని కూడా చెప్పు."

మిట్ట మీద నేల నల్లగా, ఖాళీగా ఉంది. రైతు బూడిదని పారతో చిమ్ముతున్నాడు. తనిఖీదారు చెప్పిందంతా నిలబడి విన్నాడు. తిట్టలేదు, పార ఎత్తలేదు. ఒక్క దెబ్బ వేసి ఉంటే కొట్టించుకున్నవాడు జన్మంతా దాన్ని గొప్పగా చెప్పుకుని ఉండేవాడు.

"మీ అక్కగారి చేను నాకెందుకు సారూ," అన్నాడు చివరికి. "పీకుతుంటే మా ఆవిడ అడ్డం పడింది. ప్రతి మొక్కా తిప్పి చూశానయ్యా, ఆకులు శుభ్రంగా ఉన్నాయి, ఒక్కరోజు ఆగు అంది. రెండో పొద్దు చెప్పాక నీ కళ్ళెవడికి కావాలే, అన్నాను. చేతిలో మొక్క లాక్కుని పక్కకి తోశాను." పార మీద చెయ్యి పెట్టి ఆగాడు. "అప్పట్నించి ఆవిడ నాతో మాట్లాడట్లేదు. అన్నం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది. మాట లేదు. నాకు చెప్పిందేదో వెళ్ళి ఆవిడకి చెప్పండి."

ఆవిడ వసారాలో కూచుని, పంటకని కుట్టుకున్న గోనెసంచుల కుట్లు విప్పుతోంది. అతను ఎదురుగా నేల మీద కూచున్నాడు. అన్ని చేలనీ ఒక్క దగ్గుతో తిప్పిన మనిషికి మొదటి మాట ఎలా ఎత్తుకోవాలో తెలియలేదు. ఆవిడే ఎత్తుకుంది.

"ఆవేళ మీరు దిగి ఆకులు తిప్పారు. అవతలి గట్టు మీంచి చూశాను. ఏం కనపడింది?"

"ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉన్నాయి."

"చూసే రాశారు."

"చూసే రాశానమ్మా."

"నాకూ శుభ్రంగానే కనపడ్డాయి," అందావిడ. దారం చివర దొరకపుచ్చుకుని లాగితే కుట్టు మొత్తం ఒక్కపెట్టున ఊడివచ్చింది. ఇంకో సంచి తీసుకుంది.

అతను లేచి బయటికి వచ్చాడు. రైతు గుమ్మం పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమంది?"

"తనకీ శుభ్రంగానే కనపడ్డాయంది."

లోపల ఇంకో కుట్టు ఊడిన చప్పుడైంది.

"మీతో మాట్లాడిందన్నమాట," అన్నాడు రైతు.