నోరు తెరిచే కజ్జికాయలు

శనివారం వచ్చిందంటే వసంతమ్మ పొద్దున ఎనిమిదింటి బస్సుకు చిత్తూరు పోయేది. బస్టాండు పక్క బేకరీలో ఆరు ఉర్లగడ్డ పఫ్‌లు కట్టించుకుని, పదకొండు కల్లా మళ్లీ పూతలపట్టు కూడలిలో దిగేది. ఏం పఫ్‌లో ఏమో! కొరికితే పొరలు రాలి చీరంతా పొట్టు, లోపల చూస్తే వేలెడు ఉర్లగడ్డ కూర కూడా ఉండదు. అవి ఆమెకే నచ్చేవి కావు. అయినా ఆరేళ్లుగా కొంటూనే ఉంది.

ఒకప్పుడు వసంతమ్మ చేతి కారం కజ్జికాయలంటే కూడలి కూడలంతా పడిచచ్చేది. వేయించిన చెనిక్కాయలు, పుట్నాలు, ఎండుకొబ్బెర, తెల్లగడ్డ, ఎండుమిరపకాయలు రోట్లో దంచి, మైదా పూరీలో పెట్టి, అంచు జడలాగా మడిచి నూనెలో వదిలేది. వాసన వీధి చివర సైకిల్ షాపు దాకా పోయేది. బస్సు కోసం నిలబడిన వాళ్లు బస్సు వచ్చినా ఎక్కకుండా ముక్కులు ఎగబీల్చేవాళ్లు.

ఆ ఇంట్లో ముందు మనిషికొకటి లెక్కన పేరు పెట్టి కజ్జికాయలు వేసి, ఆ తర్వాతే తక్కినవి వేసేవాళ్లు. మొగుడు మునిరామయ్యది ఎడమవైపు మడత. కూతురు పంకజాక్షిది సన్నమడత, చివర చిన్న మెలిక. వసంతమ్మది మడతే లేదు, వేలితో అదిమేసేది, తన దానికి అంత సింగారం ఎందుకని. ఎవరికైనా గండం ఉంటే వాళ్ల కజ్జికాయ నూనెలో నోరు తెరిచేది. అత్తగారి కాలం నుంచీ అంతే. పక్కింటి నాగరత్నమ్మ తన మొగుడు మద్రాసుకు లోడు తీసుకుపోయే ముందు వచ్చి, "వసంతక్కా, మా ఆయన పేరున ఒకటి వెయ్యి, సూసుకోని పంపిస్తా" అనేది. మూసుకునే ఉంటే ఆయనకు సద్దిమూట కట్టేది. ఒకసారి కాస్త తెరుచుకుంటే ఆయన్ను రెండు రోజులు ఇంట్లోనే పడుకోబెట్టింది. ఆయన కూడా ఎదురు చెప్పలేదు.

ఆరేళ్ల కింద ఒక పొద్దున మునిరామయ్య మామిడికాయల లారీ తోలుకుని మదనపల్లెకు బయల్దేరుతున్నాడు. వసంతమ్మ బాణలిలో ఎడమ మడత కజ్జికాయ అంచు ఊడి, కప్పలాగా నోరు తెరిచింది. లోపలి కారమంతా నూనెలో కలిసి నల్లగా తిరిగింది. వసంతమ్మ నోరు విప్పి చెప్పాలనుకుంది. చెప్తే అది నిజమైపోతుందేమోనని భయపడింది. ఆ కాలే కజ్జికాయను అట్లనే నోట్లో పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు కారుతుంటే గబగబా నమిలి మింగేసింది. లేకుండా చేస్తే లేనట్టే అనుకుంది పిచ్చిది. మునిరామయ్య తట్టలో మిగిలినవి తిని, "ఈ పొద్దు కారం బాగా పడిందే" అని నవ్వి, కండువా దులిపి వెళ్లిపోయాడు. సాయంత్రం ఘాట్ రోడ్డులో లారీ లోయలో పడిందని కబురొచ్చింది.

ఆ తర్వాత వసంతమ్మ బాణలిని అటక మీదకి ఎక్కించింది. బేకరీ పఫ్‌లు ఎవరి పేరునా ఉండవు, ఎవరి గండమూ చెప్పవు. అందుకే కొనడం.

ఇప్పుడు పంకజాక్షి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. కాళ్లు వాచి, ముఖం పాలిపోయి, గోడ పట్టుకుని నడుస్తోంది. అమ్మ పొట్లం విప్పి పఫ్ చేతిలో పెడితే ఒక కొస కొరికి పక్కన పెట్టేసింది.

"నాకు ఇది వద్దుమా. కజ్జికాయ చేసి పెట్టు."

"ఇది బాగనే ఉండాది కదమ్మే. ఈపొద్దు చేసిందే ఇచ్చినాడు."

"నోరు సప్పగా ఉండాది. నీ చేతి కారం తినల్ల అనిపిస్తా ఉండాది. నాలుగు చేసి పెట్టుమా, కడుపుతో ఉండేదాన్ని అడిగితే లేదంటావా?"

వసంతమ్మ లేచి, లేని పనికి పెరట్లోకి పోయింది. దడిమీద ఆరేసిన చీరను తీసి, మళ్లీ అక్కడే ఆరేసి, మళ్లీ తీసింది. చేస్తే పంకజాక్షి పేరున ఒకటి వెయ్యాలి. వేస్తే చూడాలి. చూసి ఏమని బతకాలి? మంత్రసాని మాత్రం అంతా బాగుందని చెప్పి పోయింది. ఆ మాట పట్టుకుని ఈ నాలుగు దినాలూ గడిపేస్తే చాలు కదా, స్వామీ!

పంకజాక్షి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా అంది:

"నాయన పోయిన దినం తట్టలో ఎడమ మడతది లేదు. నేను సూసినా."

వసంతమ్మ చేతిలోని చీర కిందపడింది.

"నీ నోరంతా బొబ్బలెక్కి ఉన్నింది. నాకు తెలిసిపోయింది. నాకూ బయమేసి గమ్మునుండిపోయినా. నువ్వు చెప్పలే, నేనూ చెప్పలే. మనిద్దరం నోరు మూసుకుంటే నాయన లారీ ఎక్కినాడు."

"అట్లనొద్దు పాపా..." వసంతమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆరేళ్లు ఒంటరిగా మోసిందనుకున్న బరువును ఈ పిల్ల కూడా మోస్తోందని తెలిసి ఏడ్చింది.

"నాకు శానా బయంగా ఉండాదిమా," అంది పంకజాక్షి. "తెలీకుండా ఉండే బయం కంటే తెలిసే బయమే మేలు. చెయ్యి."

మర్నాడు పొద్దున బాణలి అటక దిగింది. పొయ్యి ముట్టించారు. వసంతమ్మ పిండి పిసికింది, కారం దంచింది. చేతికి అంతా గుర్తుంది. ముందు తనది వేసింది. అది చక్కగా పొంగి, ఎర్రగా తేలింది. తీసి పక్కన పెట్టింది.

"బిడ్డకు వేరేగా వెయ్యవా?"

"కడుపులో ఉండేదానికి వేరే ఎందుకు? నీదాన్లోనే ఇద్దురూ."

సన్నమడత కజ్జికాయను నూనెలో వదిలింది. తల్లీకూతుళ్లిద్దరూ ఊపిరి బిగపట్టి బాణలిలోకి చూస్తున్నారు. అది ఒక పక్క పొంగింది. రెండో పక్క తిరిగింది. హమ్మయ్య అనుకుంటుండగానే మెలిక దగ్గర అంచు సన్నగా పగిలింది. పగులు మడత మీద మడతగా పాకుతోంది.

గరిటె కోసం వెతికే వ్యవధి లేదు. వసంతమ్మ ఉడుకునూనెలో చెయ్యి పెట్టి, బొటనవేలు, చూపుడువేలు కలిపి ఆ అంచును నొక్కి పట్టింది.

"మా! వదులుమా! వేళ్లు కాలిపోతాయి, వదులు!"

వసంతమ్మ వదల్లేదు. పండ్లు పటపటమన్నాయి, కళ్లు తేలిపోయాయి, అయినా అంచు ఎర్రబడి గట్టిపడేదాకా పట్టుకునే ఉంది. తర్వాత దాన్ని అట్లనే పైకి తీసి, పంకజాక్షి కొంగులో పెట్టింది. ఈసారి మింగలేదు. వీధిలోకి వచ్చి, ఊరంతా వినేటట్టు అరిచింది:

"నాగరత్నమ్మా! నా బిడ్డది నోరు తెరిచినాది! మూసినాను, అయినా తెరిచినాది తెరిచినాదే! జీపు పిలిపించు, తిరపతి ఆసుపత్రికి పోవల్ల!"

ఎవరూ ఏమిటని అడగలేదు. అడగడానికేముంది? మామిడి మండీ జీపు అయిదు నిమిషాల్లో గుమ్మం ముందుకొచ్చింది. ఇంకా అంచు పట్టుకున్నట్టే బిగించిన వసంతమ్మ వేళ్లమీద చల్లటి నీళ్లు పోస్తూనే నాగరత్నమ్మ ఎక్కింది. చంద్రగిరి కోట కనబడే సరికి పంకజాక్షికి నొప్పులు మొదలయ్యాయి. తిరుపతి చేరేసరికి సీటంతా రక్తం.

ఆసుపత్రిలో పంకజాక్షిని లోపలికి తీసుకుపోయారు. బయట బల్లమీద ఒక నర్సు వసంతమ్మ చేతికి మందు పూయడానికి వచ్చింది.

"వేళ్లు విప్పమ్మా."

"విప్పను."

"లోపల చర్మం ఊడిపోయింది. విప్పితేనే మందు పూసేది."

"నా బిడ్డ బాగుందని చెప్పినాక విప్పుతా. అంతవరకూ నన్ను ముట్టుకోవద్దు తల్లీ, నీకు దండం పెడతా."

నర్సు ఆమె ముఖం చూసి, చుట్టూ మందు పూసి వెళ్లిపోయింది. తలుపు తెరుచుకుని ఎవరు వచ్చినా వసంతమ్మ లేచి నిలబడేది. రక్తపు గుడ్డల బకెట్టు ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది. మూడోది పోతుంటే ఆమె కళ్లు మూసుకుని, వేళ్లను ఇంకా గట్టిగా నొక్కింది.

సాయంత్రం నాలుగు గంటలకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. చెమటతో ఉంది.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. రక్తం కట్టడానికి మేం పడని పాట్లు లేవు. చివరికి దానంతట అదే ఆగింది."

నర్సు నవ్వుతూ వచ్చి పక్కన కూర్చుంది. "ఇప్పుడైనా విప్పమ్మా."

వసంతమ్మ విప్పబోయింది. రాలేదు. ఆ రెండు వేళ్లూ అంచు మడిచినట్టు అతుక్కుపోయాయి.

బిడ్డకు మూడో నెలలో నాగరత్నమ్మ వచ్చి, "వసంతక్క వేళ్లు అట్లైపోయినాయి, ఇంక మడతలేం ఏస్తుంది? బేకరీలో తెచ్చుకుందాం పాపా" అంది. పంకజాక్షి ఒప్పుకోలేదు. బిడ్డను ఉయ్యాల్లో వేసి, తానే పిండి పిసికింది. ముందు అమ్మది చేసింది. ఎప్పుడూ వేలితో అదిమేసే ఆ అంచును ఒకసారి సన్నగా మడిచి, దాని మీద ఇంకో వరస మడిచింది.

వసంతమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. "నాది వెయ్యొద్దమ్మే. నాకు సూడాలంటే బయం."

"నువ్వు సూడొద్దు. నేను సూస్తా."

పంకజాక్షి కజ్జికాయను నూనెలో వదిలింది. గరిటెను ఎడమచేతికి మార్చుకుని, గాజులు మోచేతి దాకా ఎగదోసి, కుడిచెయ్యి బాణలి పక్కన ఖాళీగా పెట్టుకుంది.