బుల్లిదొర తలుపు తీయలేదు

సాయంత్రం ప్రత్యక్ష ప్రసారం. మధ్యాహ్నానికే స్టూడియోలో అందరికీ ఫలితం తెలుసు, కారుతో సహా.

కారు పేరు బుల్లిదొర. ఒకప్పుడు పిల్లలంతా టీవీకి అతుక్కుపోయి చూసిన సీరియల్లో హీరో అదే. తనంతట తానే నడిచేది, దొంగల్ని తరిమేది. ఔనంటే హారన్ కొట్టేది, కాదంటే వైపర్లు ఊపేది. లోపల డ్రైవరు లేడని పిల్లలు ప్రాణం పెట్టి నమ్మారు. ఉన్నాడు. ఇంజను వెనకుండే రకం బండి కాబట్టి, ముందున్న డిక్కీలో బోర్లా పడుకుని, నంబరు ప్లేటు పైనున్న సందులోంచి దారి చూస్తూ, తీగలు లాగుతూ నడిపేవాడు. యూనిట్లో అతన్ని పడక డ్రైవరు అనేవారు.

ఇప్పుడు ఛానల్ ఓనరుకి ఆ సీరియల్ మళ్లీ తీయాలని బుద్ధి పుట్టింది. బావమరిదిని హీరోని చేయాలన్న బుద్ధి అంతకుముందే పుట్టింది. రెండూ కలిపి ఓ కార్యక్రమం పెట్టాడు: బుల్లిదొర తన కొత్త నేస్తాన్ని తనే ఎంచుకుంటుంది. ఎవరికి తలుపు తీస్తే వాళ్లదే వేషం.

పోటీ అన్నాక రెండో మనిషి ఉండాలి కదా అని పాపని పిలిపించారు. పాత సీరియల్లో కారు నేస్తం ఆవిడే. నలభై దాటినా ఇప్పటికీ అందరికీ పాపే. డబ్బింగ్ థియేటర్లో చంటిపిల్లల ఏడుపులు ఏడుస్తూ బతుకుతోంది. ఆవిడ ఏడుపు వినని ఇల్లు లేదు. మొహం మాత్రం ఎవరికీ గుర్తులేదు.

"బాబాయ్, ఈ వేషం నాకు కావాలి," అంది డిక్కీ దగ్గర నిలబడ్డ పడక డ్రైవరుతో. "ఇంకెన్నాళ్లు ఉంగా ఉంగా అనమంటావ్?"

"నా చేతుల్లో ఏముంది పాపా?"

"తీగ ఉందిగా!"

"తీగే నాది. జీతం వాళ్లది. ఆయన బావమరిది పిలిస్తే తలుపు, నువ్వు పిలిస్తే వైపర్లు. అలాగని చెప్పారు." పడక డ్రైవరు ఆవిడ కళ్లలోకి చూడకుండా డిక్కీలోకి దూరి మూత వేసుకున్నాడు.

ప్రసారం మొదలైంది. హాలు నిండా పిల్లలు. వెనక వరసల్లో, ఒకప్పటి పిల్లలు పొట్టలు సర్దుకుని కూర్చున్నారు. బావమరిది మెరుపుల కోటులో వచ్చి చేతులు చాచాడు.

"దొరా, నీ నేస్తాన్ని వచ్చాను! తలుపు తియ్!"

తీయలేదు.

గొంతు పెంచి మళ్లీ పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. కంట్రోల్ రూమ్‌లో ఓనరు గోళ్లు కొరకడం మొదలుపెట్టాడు. అంతలో బండి ముందు భాగంలోంచి సన్నగా గుర్రుమని చప్పుడు.

"దొరగారు ఆలోచిస్తున్నారండీ!" అంది యాంకరు, చెమటలు కక్కుతూ.

దొరగారు ఆలోచించడం లేదు. పడక డ్రైవరు నిద్రపోతున్నాడు. పాత రోజుల్లో ఒట్టి రేకు మీద ఒళ్లు కాలుతూ పడుకునేవాడు. ఈసారి ఓనరు దయతలచి మెత్తటి పరుపు వేయించి, చిన్న ఫ్యాను పెట్టించాడు.

"తలుపు తియ్యవే, డొక్కు బండీ!" బావమరిది టైరుని తన్నాడు. మైకు ఆన్‌లోనే ఉంది. హాల్లో పిల్లలు ఒక్కసారిగా గోల పెట్టారు.

పాప ఆ గురకని గుర్తుపట్టింది. మూత వేస్తే దూరంగా ఉన్న డైరెక్టరు కేక లోపలికి వినిపించదు. అందుకే ఆ రోజుల్లో షాట్ సిద్ధం కాగానే వేలి కణుపుతో డిక్కీ మూత మీద రెండుసార్లు కొట్టడం తన పని. ముందుకొచ్చి, ముద్దు చేస్తున్నట్టు వంగి, టక్ టక్‌మని కొట్టింది.

లోపల మనిషి మేలుకోకముందే చెయ్యి మేలుకుంది. తలుపు తెరుచుకుంది. పైగా హారన్ కూడా మోగింది. హాలు దద్దరిల్లింది.

కార్యక్రమం అయ్యాక ఓనరు డ్రైవర్ని మూలకి లాగాడు. "ఆవిడకి ఎందుకు తీశావయ్యా?"

నిద్రపోయానంటే ఉద్యోగం ఊడుతుంది. "నేను తీయలేదండీ."

"మరి ఎవరు తీశారు?"

"నాకేం తెలుసండీ... దొరగారే అయ్యుండాలి."

పరుపు వేయించింది తను, తీగలు బిగించినప్పుడు పక్కన నిలబడింది తను. అయినా ఓనరు మొహం పాలిపోయింది. ఆ సాయంత్రమే పాపకి వేషం ఖాయమైంది.

మర్నాడు మొదటి షాట్‌కి ముందు పాప మేకప్‌తో డిక్కీ మూతకి ఆనుకుని నిలబడి ఉంది. ఓనరు వచ్చి బండి ముందు చేతులు కట్టుకున్నాడు. పడక డ్రైవరు లోపలే ఉన్నాడని ఆయనకి తెలుసు. తెలిసీ కట్టుకున్నాడు.

"దొరగారూ, మావాడు కుర్రాడు, నోరు జారాడు. పోనీ, దొంగ వేషమైనా ఇవ్వమంటారా?"

పాప వెనక్కి చెయ్యి పెట్టి టక్ టక్‌మంది. వైపర్లు అటూ ఇటూ ఊగాయి.

ఓనరు ఇంకాస్త వంగాడు. "మరి ఇంటికెళ్లి మా ఆవిడకి ఏం చెప్పనండీ?"

దానికి హారనూ చాలదు, వైపర్లూ చాలవు. కాసేపటికి బండి గుర్రుమంది.

"ఆలోచిస్తున్నారు," అని గుసగుసగా చెప్పి, ఓనరు మునివేళ్ల మీద వెనక్కి నడిచాడు.