పులిగొంది తొలిపండు

వైశాఖమాసారంభమున నొకనాటి ప్రాతఃకాలమందు గోదావరీతీరపర్వతపంక్తుల నడుమ నిప్పపూల పరిమళమును వెదురుపొదల మర్మరధ్వనియు మోసికొని మందమారుతము వీచుచుండగా పులిగొంది యను మహారణ్యము తానెన్నడు నెఱుగని యలంకారములతో నొప్పుచుండెను. ఎలుగుబంట్లు నడయాడు త్రోవమొగమున సిమెంటు ద్వారమొకటి లేచెను. దానికి అరటిబోదెలు కట్టిరి. ప్రక్కనే పట్టుతెర కప్పిన శిలాఫలకమును నిలిపిరి. నాడు దొరతనమువా రాయడవిని జాతీయోద్యానముగా లోకమునకు సమర్పింపనుండిరి. లోకమునకు సమర్పించు వేడుక గాన లోకము లోనికి బోకుండ ముందుగా నొక గొలుసును గట్టిరి.

ఆ గొలుసున కీవల నిలిచి దానివైపే చూచుచున్నవాడు కెచ్చెల సింగిరెడ్డి. అతడు కొండరెడ్ల గూడెమునకు బెద్ద. అడవిలో నొక బండచఱియ క్రింద బులిగొందితల్లి వెలసియున్నది. ఏటేట మామిడికాపు పండినతోడనే గూడెమంతయు డోలు గొట్టుకొనుచు నచటికి బోయి తొలిపండు నా తల్లికి నివేదించును. దానినే వారు కొత్త యందురు. కొత్త కానిదే యా కొండమీద పసిబిడ్డయైనను మామిడిపండు నోటబెట్టదు. తప్పి తిన్నవానిని నెవ్వరును దండింపరు, తిట్టనైన దిట్టరు. వాడే తనంతట దాను ఆ యేడు మఱి పండు ముట్టక, తల్లి సన్నిధి ద్రొక్కక దూరముగా నుండిపోవును. తండ్రి పోయిననాటినుండియు దొలిపండు గోసి తల్లి ముందుంచినది సింగిరెడ్డి చేయియే.

ఇక ముందు సెలవు లేనిదే యెవ్వరును గొలుసు దాటరాదని కట్టడి. ఐనను బండుగనాడు మాత్రము గూడెమునకు దారి విడువవలెనని సింగిరెడ్డి నెలలతరబడి కచేరిగడపల నరుగదీయగా, మంత్రివర్యులే ప్రారంభోత్సవవేదికపైనుండి యా వరమును బ్రకటింతురని వనాధికారి మాట యిచ్చెను. ఆ మాట నలుగురి యెదుట వెలువడవలెను. వెలువడదా, తల్లికి గొత్త లేదు. కొత్త లేనిదే గూడెమునకు బండును లేదు, వానకాలమున నంబలి కాచుకొను టెంకయు లేదు.

వనాధికారి నిడమర్తి సదాశివరావు చెడ్డవాడు కాడు. కొండరెడ్లకు మామిడిపండనిన మహాభక్తి యని యెవరో చెప్పగా సగము విని, వారిని గౌరవింపదలచి, మంత్రివర్యులు తొలిపండును గూడెపు పెద్దకు స్వహస్తమున నందించుటయు నతడు దానిని సభలో నారగించుటయు, పిదప వరప్రకటనమును శిలావిష్కరణమును నని కార్యక్రమము గూర్చెను. మంచి చేయబోయిన చెడు ఎదురైనదని పెద్దలు ఊరకనలేదు. వేదికమీది పండ్లబుట్టను జూచినతోడనే సింగిరెడ్డి వనాధికారియొద్దకు బరుగెత్తెను.

“అయ్యా, ఇంకా కొత్త అవలేదు. అమ్మకెట్టకుండా మేం పండు ముట్టం. ఆ బుట్ట తీయించెయ్యండి బాబూ.”

సదాశివరావు మొగము వాడిపోయెను. “ముందే చెప్పకూడదటయ్యా! ఆయన కారు ఘాటు ఎక్కేసింది. సరే, చెవిలో వేసి చూస్తాను.”

అతడు నిజముగనే వేసి చూడవలెననుకొనెను. కాని పూలదండలును దండలు మోయువారును వారిని ద్రోయువారును గ్రమ్ముకొనుటచే మంత్రివర్యుల చెవి యతనికి దక్కలేదు.

ఉపన్యాసములు ముగిసెను. మంత్రివర్యులు చిఱునవ్వుతో నొక బంగారువన్నె రసాలఫలమును దీసి సింగిరెడ్డి చేతనుంచి, “తిను పెద్దాయనా, మీ అడవి పండే” అనెను. ఛాయాచిత్రకారులు ముందునకు దూకిరి. జనములోనుండి సింగిరెడ్డి చెల్లెలు ముత్తెమ్మ “వద్దన్నా! వద్దు!” అని యఱచెను, సన్నాయిమేళములో నా యఱపు మునిగిపోయెను. కరవుమన్న కప్పకు గోపము విడువుమన్న పామునకు గోపము. సింగిరెడ్డి చేతిలోని పండును మంత్రివర్యుల మొగమును జూచెను. తినకున్న నంతటి మంత్రికి సభలో జిన్నతనము. చిన్నబోయిన నోట వరము రాదు. తిన్నచో బోవునది తన యొక్కని కొత్త. అతడు మనసులో దల్లికి మ్రొక్కి పండు గొఱికెను. అది మిక్కిలి తీయగా నుండెను. ఆ తీపియే యతనికి దుస్సహమయ్యెను. కన్నుల నీరు గ్రమ్మగా మంత్రివర్యులు ఆ కన్నీటిని ఆనందబాష్పములుగా భావించి వీపు దట్టి, పండుగనాడు ద్వారము తెఱచియుంచవలెనని యేటేటికిని జెల్లునట్లు బిగ్గరగా నాజ్ఞాపించెను. చప్పట్లు మ్రోగెను. తెర తొలగెను. గిరిజనుల హర్షమను పేర నా ఛాయాచిత్రము నేటికిని ద్వారము చెంతనున్న కచేరిలో వ్రేలాడుచున్నది.

కొన్నాళ్లకు గొత్త వచ్చెను. మాట ప్రకారము గొలుసు విప్పిరి. గూడెమంతయు డోలుతో గదలి వచ్చెను. ద్వారముకడ సింగిరెడ్డి బొడ్డునున్న కత్తిని దీసి తమ్ముడు బుచ్చిరెడ్డి చేతికిచ్చి, “కాయ తొడిమ తెగకుండా కొయ్యి. అమ్మకి అలాగే ఇష్టం” అని చెప్పి ప్రక్కకు దొలగెను. అందఱును లోనికి బోయిరి.

ద్వారపాలకుడు జాలిపడి, “దారి తీశాం గదా పెద్దాయనా, మీరెళ్లరేం?” అనెను.

“దారి ఆళ్లకోసం అడిగాను బాబూ. నేను ముందే తినేశాను గదా.”

అతడా మాటను మామూలుగానే యని శిలాఫలకము చెంతకు బోయి కూర్చుండెను. ఎండ యెక్కెను. కొంతసేపటికి లోపల డోలుధ్వని హెచ్చెను. తల్లి కొత్త యందుకొన్నదనియు నిక నెల్లరును దినవచ్చుననియు దాని యర్థము. ఆ చప్పుడు ఆగకమునుపే ముత్తెమ్మ యొక్కతయే త్రోవవెంట దిరిగివచ్చెను. ఆమె చేతనొక పండుండెను. దానిపై బంటిగాటు లేదు.

“నువ్వు తినలేదేం?” అని సింగిరెడ్డి యడిగెను.

“నీకు కొత్త అయ్యాకే నాకూను. వచ్చేయేడు ఇద్దరం కలిసే తిందాం” అని యామె పండును దీసికొనిపోయి పక్షులకై యొక రాతిమీద నుంచి వచ్చి యన్న ప్రక్కన జతికిలబడెను. సమస్తప్రజలకు నంకితమని చెక్కిన శిలాఫలకపు నీడలో నన్నయు జెల్లెలును గూర్చుండి, లోపల దమవారు గొట్టు డోలు వినుచుండిరి.