గంటకు లేచిన కాళ్ళు

లెక్కల మాస్టారిని బెంచీ ఎక్కించారు. అల్లరి పిల్లవాణ్ణి కాదు సుమండీ, చాక్‌పీసు పొడి మింగీ మింగీ జుట్టు నెరిసిన మనిషిని, పదో తరగతి పిల్లల కళ్ళెదుట. సంతకం పెట్టించుకున్న జీతంలో సగమే చేతికిస్తున్నారేమని అడిగినందుకు స్కూలు యజమాని వేసిన శిక్ష అది. ఉద్యోగం నిలుస్తుందని ఎక్కాడు పాపం. సాయంత్రానికి అదీ ఊడింది.

పక్క గదిలోని సైన్సు టీచరు కిటికీలోంచి అంతా చూసింది. చూసి, బోర్డు వైపు తిరిగి, సగంలో ఆపిన గుండె బొమ్మ పూర్తి చేసింది. కోపం రావాలి కదా! రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

బడి వదిలాక అందరూ సైకిళ్ళ షెడ్డులో చేరారు.

"మనకెందుకొచ్చిన గొడవ? నీళ్ళలో ఉండి మొసలితో వైరమా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"మొసలి మింగేది నీళ్ళలో ఉన్నవాళ్ళనే కదయ్యా!" అంది ఒకటో తరగతి టీచరు. అందరికీ ఆమె పెద్దక్క. "రేపు నీ వంతు. గట్టి బెంచీ చూసి పెట్టుకో, నీ బరువుకి విరుగుతుంది."

నవ్వారు. నవ్వాక ఎవరూ కాదనలేదు. మాస్టారిని మళ్ళీ తీసుకోవాలి, సంతకం పెట్టినంతా చేతికివ్వాలి. అప్పటిదాకా పాఠాలు బంద్.

మర్నాడు లెక్కల మాస్టారితో సహా గేటు ముందు బైఠాయించారు. లోపల గంట మోగింది. అంతే! అందరూ దిగ్గున లేచారు. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? సగం మంది గేటు కూడా దాటేశారు. వరండాలో యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గంట కొడితే చాలు, వీళ్ళకి పోలీసులెందుకురా!"

"సిగ్గులేని కాళ్ళు!" అని పెద్దక్క తన కాళ్ళనే తిట్టుకుంది.

ఆ మర్నాడు చేతులు పెనవేసుకుని కూర్చున్నారు. గంట మోగింది. సైన్సు టీచరు లేవబోయింది. పక్కనున్న డ్రిల్లు మాస్టారు గుంజి కూర్చోబెట్టాడు.

యజమాని గేటు దగ్గరికొచ్చి సైన్సు టీచరుతో అన్నాడు. "మంచం పట్టిన నీ మొగుడికి మందులెవడు కొంటాడమ్మా? లోపలికి రా. లెక్కల క్లాసులూ నీకే ఇస్తా, జీతం పెంచుతా."

ఆ మాట ఆమెకు తగలకపోలేదు. ఇంట్లో మందు సీసా అడుగంటింది. అయినా నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఆ పిల్లల ముందే మాస్టారికి క్షమాపణ చెప్పండి. వస్తాను."

"నిన్నూ తీసేశాను పో!"

పోలీసు వ్యాను వచ్చింది. ఎవరూ ఈడ్చకముందే ఆమె ఎక్కింది. భయం వెయ్యలేదు, ధైర్యమూ కాదది. ఆమె చేయి వదలని డ్రిల్లు మాస్టారు ఎక్కాడు, ఆ వెనకే మిగతావాళ్ళు. చోటు చాలనివాళ్ళు స్టేషన్‌కి నడిచి వచ్చారు.

స్టేషన్లో కానిస్టేబులు తలెత్తకుండా అడిగాడు. "ఏం పని?"

"టీచర్ని" అంది సైన్సు టీచరు.

"తీసేశారటగా?"

"తీసేసింది ఆయన. నేను మానలేదు."

తర్వాత లెక్కల మాస్టారు. రెండు రోజులుగా పెదవి విప్పని మనిషి.

"నీదేం పని?"

"టీచర్ని!" అన్నాడు, వీధిలోకి వినబడేలా.

వెనకవాళ్ళు వంతు కోసం ఆగలేదు. అందరూ ఒక్కసారే ఆ మాట అన్నారు. ముందే చెప్పేసిన సైన్సు టీచరు కూడా మళ్ళీ చెప్పింది.